వీధి వాకిలి – దొడ్డి వాకిలి

మన కృష్ణా డెల్టా గ్రామాలలో పాతకాలపు ఇండ్లకు రెండు వాకిళ్లు ఉండేవి. వీధి వాకిలి బడికి, గుడికి, చావడికి పోయే దారి. దొడ్డి వాకిలి గొడ్లపాకకు, కాలువగట్టుకు, పొలానికి పోయే దారి. చుట్టాలు వీధి వాకిట దిగుతారు. పాలేరు దొడ్డి వాకిట వస్తాడు. అందువల్లనే కాబోలు, "దొడ్డిదారిని వచ్చినవాడు" అన్నమాట మన భాషలో నిందగా స్థిరపడిపోయింది. ఇతర రంగాల సంగతి ఎట్లున్నా, శాస్త్ర విజ్ఞానానికి సంబంధించినంతవరకు ఆ నింద చెల్లదని నా అభిప్రాయం. పొలాన్నుంచి, మగ్గం దగ్గరనుంచి, సైనిక శిబిరంనుంచి, రైలు పెట్టెలోనుంచి తిన్నగా ప్రయోగశాలలోకి నడిచివచ్చినవారు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు మన ప్రాంతంవారే.

వీధి వాకిలిని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 1843లో రాబర్టు నోబుల్ దొర బందరులో పాఠశాల తెరచిన నాటినుంచి ఈ సీమకు ఆ వాకిలి తెరుచుకొన్నది. ఆ పాఠశాల కళాశాల అయినది. దాని వెనుక మరికొన్ని కళాశాలలు వచ్చినవి. బడి, కళాశాల, విశ్వవిద్యాలయం, పట్టా, ఆ పిదప పరిశోధన – ఈ మెట్లవరుస చక్కనిదే. పట్టా పుచ్చుకొన్న నావంటివాడు దానిని నిందిస్తే కూర్చున్న కొమ్మను నరుక్కొన్నట్లే. అయితే ఈ మెట్లవరుస శాస్త్రం కంటె చాలా చిన్నది. శాస్త్రం ముందు పుట్టింది, మెట్లు తరువాత కట్టారు.

బందరు వారికి తేలికగా తెలిసే ఉదాహరణ ఒకటి చెబుతాను. డచ్చివారు వర్తకం కొరకు బందరులో దిగినది 1605లో. వారికి కావలసినది ఇక్కడి అద్దకపు బట్ట. ఆ శతాబ్దంలోనే, వారి దేశంలోని డెల్ఫ్టు పట్టణంలో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. బట్ట నాణ్యం తెలియాలంటే అంగుళానికి ఎన్ని పోగులు పడినవో లెక్కపెట్టాలి. అందుకు బట్టల వర్తకులు చిన్న గాజుకటకం వాడేవారు. లేవెన్‌హుక్ అంతటితో ఆగక, తానే కటకాలు నూరుకొని, వాటితో చెరువునీటి చుక్కను చూశాడు. 1674 ప్రాంతంలో అందులో కదలాడుతున్న సూక్ష్మజీవులను కనుగొన్నాడు. ఆయనకు లాటిను భాష రాదు. ఆనాడు పండితుడనిపించుకోవడానికి అది లేనిదే కుదరదు. తన డచ్చి భాషలోనే లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు వ్రాశాడు. వారు అనువదింపజేసి ప్రచురించారు. బట్టల అంగడిలోనుంచి సూక్ష్మజీవశాస్త్రం పుట్టినది ఈ విధంగా.

అదే బట్టకు ఈ ఒడ్డున రంగులు వేసినవారి విద్య కూడా తక్కువది కాదు. బందరు, పెడన అద్దకంవారు గుడ్డను ముందుగా కరక్కాయ కషాయంలోను గేదెపాలలోను ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు పదార్థం, ఇనుపతుప్పూ బెల్లమూ నానబెట్టిన నీటితో కలిసి నల్లరంగు అవుతుంది. పాలలోని వెన్న రంగు చుట్టూ పాకకుండా పట్టి ఉంచుతుంది. పటిక పెట్టినచోటనే చిరివేరు ఎరుపెక్కుతుంది, పెట్టనిచోట ఉతుకులో పోతుంది. పటికలోని లోహం, వేరులోని రంగు, నూలుపోగు – ఈ మూడూ ఒకదానినొకటి పట్టుకొంటాయని రసాయనశాస్త్రం చెబుతుంది. ఈ ఎరుపులకు మూలమైన అలిజరిన్ అనే పదార్థాన్ని జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు 1868లో ప్రయోగశాలలో తయారుచేసినప్పుడు, వేరులతో బ్రతికే దేశాలన్నిటి వ్యాపారమూ తలక్రిందులైనది. మన అద్దకంవారు ఏమి చేయాలో ఎరుగుదురు; జర్మనులు ఎందుకట్లా అవుతున్నదని అడిగి, కొలిచి, వ్రాసి పెట్టారు. చేతిపని శాస్త్రంగా మారే చోటు సరిగా అక్కడే ఉన్నది: అడగడం, కొలవడం, వ్రాయడం.

ఈ మూడు పనులూ జీవితమంతా చేసిన ఒక మనిషి మన దివిసీమ అంచుననే పెరిగాడు. ఆయన పేరు చెప్పగానే మీకు మూడు రంగుల జెండా తలపుకు వస్తుంది. పింగళి వెంకయ్యగారు. జన్మస్థలం బందరు దగ్గరి భట్లపెనుమర్రు. పుట్టిన సంవత్సరం 1876 అనే ఎక్కువమంది వ్రాస్తారు. యార్లగడ్డ, పెదకళ్ళేపల్లి గ్రామాలలో బాల్యం గడిచింది. కరిణికపు కుటుంబం. అనగా గొలుసు లాగి భూమి కొలవడం, నల్లరేగడి ఏదో ఇసుకపర్ర ఏదో చూచి చెప్పడం, ప్రతిదానినీ లెక్కలో ఎక్కించడం ఇంట్లో నిత్యం జరిగే పనులు.

పందొమ్మిదవ ఏట ఈ యువకుడు సైన్యంలో చేరాడు. బోయరు యుద్ధంలో దక్షిణాఫ్రికా వెళ్ళాడు. గాంధీగారిని మొదట చూచినది అక్కడనే. తిరిగి వచ్చి కొంతకాలం రైల్వే గార్డుగా పనిచేశాడు. ప్లేగు వ్యాధి ప్రబలిన రోజులలో ప్లేగు ఇనస్పెక్టరు ఉద్యోగం చేశాడు. లాహోరుకు పోయి, అక్కడి ఆంగ్లో వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపాను భాషలు నేర్చుకొన్నాడు. 1913లో బాపట్లలో జపాను భాషలో ఉపన్యసించి "జపాను వెంకయ్య" అనిపించుకొన్నాడు. ఇట్లా చెప్పుకొంటూ పోతే, ఇతడు నిలకడ లేని మనిషి అని ఇంటి పెద్దలు విసుగుకొనే రకం జీవితమని తోస్తుంది. ఆనాటి ఇంటి పెద్దలు ఏమన్నారో కాని, ఈనాటి మన ఇండ్లలో ఇటువంటి కుమారుడు ఉంటే ఏమంటామో మనకు తెలుసు.

అయితే ఆయన చేసిన వ్యవసాయ పరిశోధన చూడండి. మునగాల పరగణా ఆనాడు కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నైజాము రాజ్యం, మధ్యలో ద్వీపం వలె ఈ పరగణా. అక్కడి రాజా నాయని వెంకట రంగారావుగారి ప్రాపున వెంకయ్యగారు నడిగూడెంలో ఉండి పత్తి పంటపై పరిశోధన సాగించారు. ఆనాటి నాటుపత్తికి పోగు పొట్టి. చేతిరాట్నానికి ఒదిగినా మరనూలుకు పనికిరాదు. 1904 ప్రాంతంలో మద్రాసు రాజధానిలోకి కంబోడియా పత్తి అనే రకం వచ్చింది. పుట్టుకచేత అది అమెరికా జాతి; ఇండోచైనా మీదుగా రావడంచేత ఆ పేరు వచ్చింది. దాని పోగు అంగుళానికి చేరువగా ఉంటుంది. రైతు పత్తిని గుప్పెట్లో నొక్కి మంచిచెడ్డలు చెబుతాడు. ఆ చెప్పడం తరచు నిజమే అవుతుంది కూడా. కాని పోగును దువ్వి, పరచి, కొలిచి, ఏ నేలలో ఏ విత్తనం ఎంత పొడవు ఇచ్చిందో వ్రాసినప్పుడు మాత్రమే ఆ మాట మునగాలనుంచి లండను వరకు ప్రయాణం చేయగలదు. వెంకయ్యగారి పని అక్కడి దాకా వెళ్ళిందనీ, బ్రిటనులోని రాయల్ అగ్రికల్చరల్ సొసైటీలో ఆయనకు సభ్యత్వం లభించిందనీ ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. జనం మాత్రం "పత్తి వెంకయ్య" అన్నారు. ఈ బిరుదుకు ముద్ర, సంతకం అక్కరలేదు.

తరువాత బందరు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించిన వేడి ఆరకముందే, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. పుస్తకంతోపాటు ఉలి, మగ్గం, కుంచె కూడా విద్యార్థి చేతికి ఇవ్వాలన్నది దాని సంకల్పం. సర్కారు ఉద్యోగాలవైపు చూపే పట్టా ఇవ్వని బడికి పిల్లలను పంపడానికి తల్లిదండ్రులకు ఎంత గుండెనిబ్బరం ఉండవలెనో ఊహించండి. సైనికుడు, గార్డు, పత్తి పరిశోధకుడు అయిన మనిషిని ఉపాధ్యాయుడుగా ఆదరించగలిగినది అటువంటి సంస్థయే. వెంకయ్యగారు అక్కడ పనిచేశారు. భారతదేశానికి జాతీయ పతాకం ఎట్లుండవలెనో వివరించే ఆయన ఇంగ్లీషు పుస్తకం బందరునుంచే 1916లో వెలువడింది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలలో గాంధీగారికి జెండా రూపాన్ని సమర్పించిన కథ మీరెరిగినదే. దానిని వదలి ముందుకు పోతాను.

ముందుకు పోతే రాళ్లు వస్తాయి. నడివయస్సు దాటిన తరువాత వెంకయ్యగారి దృష్టి భూగర్భశాస్త్రంపై నిలిచింది. నెల్లూరు సీమలో చాలా ఏండ్లు ఉండి అభ్రకాన్ని పరిశోధించారు. అభ్రకం పొరలు పొరలుగా విడుతుంది, వేడికి చలించదు, విద్యుత్తును పోనివ్వదు. మీలో ఎవరి ఇంట్లోనైనా అటకమీద పాత వాల్వు రేడియో ఉంటే, దాని కండెన్సర్లలో కూడా పలుచని అభ్రకపు రేకులు ఉండవచ్చును. వజ్రాలు కూడా ఆయనను ఆకర్షించినవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల గనులు ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధములు. అక్కడ వజ్రాలు దొరికినది ఏటి గులకరాళ్లలో. కాని గులకరాయి వజ్రానికి మోసుకొచ్చిన బోయీయే గాని కన్నతల్లి కాదు. వజ్రం భూమి లోతులలో పుట్టి ఒక ప్రత్యేకమైన అగ్నిశిలతో పైకి వస్తుందని, ఆ శిలయే దాని ఉనికిపట్టని లోకానికి తెలిసినది 1870 తరువాత, దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనులలో. వెంకయ్యగారు ఖనిజాలపై వ్రాసిన గ్రంథం పేరు "తల్లిరాయి". ఆయనకు వచ్చిన మరొక బిరుదు "డైమండు వెంకయ్య".

1963 జులై 4న విజయవాడలో ఆయన పేదరికంలోనే కన్నుమూశారు. 2009లో తపాలాబిళ్ల వచ్చింది. జెండా సంగతి ప్రతి బడిపిల్లవానికీ తెలుసు. పత్తి, అభ్రకం, వజ్రం సంగతులు ఎందరికి తెలుసు? నా మనస్సును వేధించే అంశం ఇదియే. మనిషికి జిజ్ఞాస ఉన్నది, శ్రమ ఉన్నది, తెలివి ఉన్నది. రాజావారి ప్రాపు కొంతకాలం, జాతీయ కళాశాల నీడ కొంతకాలం లభించినవి. కాని ఒకే ప్రయోగశాలలో ఒకే బల్ల ముందు ఇరవై ఏండ్లు కూర్చోబెట్టి, "నీవు వ్రాసినది మేము భద్రపరుస్తాము, నీ తరువాతివాడు దానిని అందుకొంటాడు" అని చెప్పిన సంస్థ ఏదీ ఆయన వెనుక నిలువలేదు.

అటువంటి బల్ల దొరికినవారు ఏమయ్యారు? గుడివాడకు అట్టే దూరం లేని ఉయ్యూరులో 1899లో పుట్టిన కొలచల సీతారామయ్యగారు రసాయనశాస్త్రం చదవడానికి అమెరికా వెళ్ళారు. అక్కడనుంచి, మనలో ఎవరికీ తోచని దిక్కుకు తిరిగి, 1925లో సోవియట్ దేశం చేరారు. రష్యనులు ఆయనను రామయ్య అని పిలిచేవారు. యంత్రాలలో పోసే కందెన చమురులు ఆయన విషయం. మన ఎండలో కొబ్బరినూనె నీరువలె ఉంటుంది, పుష్యమాసంలో గడ్డకడుతుంది. మాస్కో చలిలో యంత్రపు చమురు సంగతి ఏమి కావాలి? గడ్డకట్టిన చమురుతో ఇంజను తిరగదు. ఈ ప్రశ్నలతోనే ఆయన ప్రసిద్ధుడై 1977లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. చలి ఎరుగని ఊరివాడు చలిదేశపు చమురులకు పెద్దదిక్కు కావడం విచిత్రమే. కాని ఆ దేశం ఆయనకు ప్రయోగశాల ఇచ్చింది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మన పొరుగు భీమవరంలో 1895లో పుట్టారు. మెట్రిక్యులేషను మూడవసారి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసికొన్నందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, పట్టాకు బదులు చిన్న లైసెన్సుతో బయటపడ్డారు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1922లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రి నౌకరీ చేస్తూ చదివారు. 1925లో ఫిస్కెతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రపంచంలోని వైద్య ప్రయోగశాలలు దానిని దశాబ్దాల తరబడి వాడుకొన్నవి. ఆ తరువాతి కథ – ఫోలిక్ ఆమ్లం, కాన్సరు మందులు – జగత్ప్రసిద్ధం. ఆయనకు బోస్టనులో ఫిస్కె బల్ల దొరికింది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్‌కు కేంబ్రిడ్జిలో హార్డీ దొరికాడు. దొరకనివారి పేర్లు చెప్పడానికి మనకు తెలియవు.

ఇంతవరకు పురుషుల సంగతే చెప్పానని ఇంటిలో రేడియో వింటున్న గృహిణులు అనుకొంటే తప్పులేదు. అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతంలో ఒక వ్యవసాయ కూలీ ఉన్నది. ఇంటర్మీడియటుతోనే పెండ్లి అయినది. కూలికి పోతూ, బిడ్డను పెంచుతూ, భర్త ప్రోత్సాహంతో చదువు సాగించి, 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంనుంచి రసాయనశాస్త్రంలో డాక్టరు పట్టం అందుకొన్నది. కూలికి పోయిన రోజులు కొన్ని, కళాశాలకు పోయిన రోజులు కొన్ని. దీనిని ఏ వాకిలి అనాలో నాకు తోచడం లేదు.

మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న మారుమారు కనబడుతుంది. కోడూరునుంచో, నాగాయలంకనుంచో, కైకలూరునుంచో వ్రాస్తారు. ఇంటర్మీడియటు తప్పాడు, లేదా చదువు మానిపించారు. చెరువు మీదనో పొలంలోనో పనిచేస్తున్నాడు. "నాకు సైన్సు అంటే ఇష్టం, ఇక దారి లేదా?" అని అడుగుతాడు. పట్టా లేకపోయినా ఫరవాలేదని మాత్రం ఎవరికీ నేను చెప్పను. వెంకయ్యగారి కాలం వేరు. ఈనాడు పరిశోధక పదవికి డాక్టరేటు అడుగుతారు. దానిని దాటవేసే మంత్రం లేదు. అయితే వీధి వాకిలికి చేరడానికి చుట్టుదారులు ఉన్నవి. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలోనే చేరవచ్చును. 1982లో మన రాష్ట్రంలో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది, బడి మధ్యలో మానినవారిని దృష్టిలో ఉంచుకొనియే. తప్పిన పరీక్ష మరల వ్రాయడం అన్నిటికంటె దగ్గరి దారి. మూడవసారి గట్టెక్కిన సుబ్బారావుగారిని ఇందుకు సాక్ష్యంగా పిలవవచ్చును.

ఈలోగా, చేతిలో ఉన్న చెరువును, పొలాన్ని వదలవద్దని అంటాను. గుడివాడ, కైకలూరు ప్రాంతాల చేపల చెరువు పనివానికి ఒక సంగతి తెలుసు: తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరచి గుటకలు వేస్తే ప్రమాదం. ఎందుకు తెల్లవారుజామునే? పగటివేళ నీటిలోని పచ్చని నాచు ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. చేపలు, నాచు, అడుగుబురదలోని సూక్ష్మజీవులు అన్నీ ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. కనుక సూర్యోదయానికి ముందు ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువ. ఏ రాత్రి, ఏ మబ్బు తరువాత, ఎన్ని గంటలకు చేపలు పైకి వచ్చినవో ఒక నోటు పుస్తకంలో ఆరు నెలలు వ్రాసిన కుర్రవాడు, మత్స్యశాఖ అధికారితో మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకొని నిలబడవలసిన పని ఉండదు.

దివిసీమలో ఉప్పు సమస్య. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి, రెండు పాయల మధ్య ఈ గడ్డను కడలికి అప్పగిస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారి నోట ఉప్పు మాట మరొకవిధంగా వినబడుతుంది. ఆ కథ వేరు. ఏటేటా జరిగేది ఇంతకంటె నెమ్మదైనది. కాలువలో నీరు తగ్గినప్పుడు పోటునీరు మురుగుకాలువల వెంట ఎగదన్నుతుంది. వరి ఆకు కొన ఎండుతుంది. మట్టిలో నీరున్నా వేరు దానిని త్రాగలేదు, ఉప్పు ఆ నీటిని తనవైపు పట్టి ఉంచుతుంది. దీనిని విద్యుత్తుతో కొలుస్తారు: ఉప్పెక్కువైనకొద్దీ నీరు విద్యుత్తును ఎక్కువగా పోనిస్తుంది. మట్టినీటి కొలత సుమారు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. బందరు వ్యవసాయ పరిశోధన స్థానంవారు చౌడును ఓర్చుకొనే ఎం.సి.ఎం. రకాలను తయారుచేసినది ఈ నేలకొరకే. కాని ఏ మూల మడిలో ఏ నెలలో ఆకు కొన ముందుగా మాడుతుందో, ఆ మడి గట్టున రోజూ నడిచేవానికి తెలిసినంతగా పరిశోధన స్థానంవారికి తెలియదు. వారికి అది కావాలి కూడా.

ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. అక్కడకు మట్టి తీసికొనిపోయేవారు కొన్ని నియమాలు పాటిస్తే మంచిది. పైరు లేని వేసవిలో తీయాలి. గట్టు ప్రక్కన, పెంటకుప్ప వేసినచోట, చెట్టు నీడలో తీయరాదు. ఆరంగుళాల లోతున గుంట చేసి, ప్రక్కనుంచి సమానమైన మందంలో పెళ్ల కోయాలి. ఒక పొలంలో పదిచోట్ల తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో మాత్రం శుభ్రమైన సంచిలో కట్టాలి. ఉప్పు తేలిన మూల ఉంటే దాని మట్టి మిగిలినదానితో కలపక వేరుగా కట్టాలి. చీటీపై పేరు, ఊరు, సర్వే నంబరు, తీసిన తేదీ, క్రిందటి సారి వేసిన పంట, ఎరువు వ్రాయాలి. చీటీకి మరొక ప్రతి తీసి ఇంట్లో ఉంచుకోండి. వచ్చే వేసవిలో ఆ చోటనే మరల తీసినప్పుడు సరిచూసుకోవడానికి పనికివస్తుంది.